రుచి లేదన్న బెల్లం

అనకాపల్లి,
ముసురు పట్టిన ఆదివారం

వరహాలక్కకి,

తమ్ముడు నూకరాజు చేతులు జోడించి రాస్తున్నాను. నువ్వూ, బావా, మేనకోడలూ కులాసాగా ఉన్నారని, నీ కాలి మీద పుండు తగ్గుముఖం పట్టిందని అనుకుంటున్నాను. నా సంగతికొస్తే నేను బాగున్నాను. ఈ మాట నమ్ము. ఉగాదికి, కొత్త అమావాస్య వెళ్ళిన వారం ఫోనులో "బాగున్నానక్కా" అన్నాను చూడు, అది మాత్రం అబద్ధం. అదేమిటో చెప్పడానికే ఇప్పుడు కాగితం, పెన్ను పట్టుకున్నాను.

చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరాలేమిటని నవ్వుతావు. ఏం చెయ్యను? నేను ఫోను చేస్తే బావ స్పీకరు పెడతాడు. మీ అత్తగారు మంచం మీంచి ఒక మాట, అరుగు మీద కూర్చున్నవాళ్ళు ఒక మాట. నేను ఒకటి చెబితే నలుగురు జవాబు చెబుతారు. ఇది నీ ఒక్కదానికే. ఏడో తరగతి చదివావు కదా, కూడబలుక్కునైనా నువ్వే చదువుకో, పిల్ల చేత చదివించుకోకు. మన గొలుగొండ వైపు నుంచి పనసకాయలు తెచ్చే వ్యాను డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. మనిషి మంచివాడే. అయినా దారిలో విప్పి చదువుతాడేమోనని నాలుగు అంచులూ అన్నం మెతుకులతో అంటించాను. ఎక్కడైనా చిరిగి ఉంటే నాకు చెప్పు.

ఇక్కడ పది రోజులుగా ఒకటే వాన. నా రేకుల గదిలో మంచం ఉన్న మూలనే కారుతోంది. ఇంటామెకి చెబితే "సిల్లు నేదు బాబూ, నువ్వే నీళ్ళు ఒలకబోసుకునుంటావు" అంటుంది. గిన్నె పెట్టి, నిండాక తీసుకెళ్ళి చూపించాను. మంచం జరుపుకోమంది. అన్నం నేనే వండుకుంటున్నాను. హోటలు సాంబారులో తోటకూర కాడలు ఏ రోజువో తెలియవు కాబట్టి తినను. బజార్లో జనం ఉన్నారు గానీ మాట్లాడే మనిషి లేడు. అందరూ మాస్కుల వెనక ఉన్నారు. నవ్వుతున్నారో వెక్కిరిస్తున్నారో తెలియడం లేదు. సీజను అయిపోయింది. కోల్డు స్టోరేజీ సరుకే కాస్త కాస్త దిగుతోంది.

నాలుగేళ్ళయింది నేను ఇక్కడికొచ్చి. మన ఊళ్ళో గానుగ మూలపడ్డాక పొట్ట చేత్తో పట్టుకుని వచ్చేశాను. బెల్లం షాపులో పని అని చెప్పానే గానీ, ఆ పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. షెడ్డులోకి పొద్దున్నే రైతుల బెల్లం దిమ్మలు దిగుతాయి. వేలంపాట మొదలయ్యేలోగా నేను వరసన నడుచుకుంటూ వెళతాను. ఒక్కో రైతు సరుకులో ఒక దిమ్మ ఎంచి, అంచు విరిచి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూస్తాను. ఆ ముక్కలో సగం నా నోట్లో వేసుకుని, మిగతా సగం రైతు చేతిలో పెడతాను. అతనూ తినాలి. ఇద్దరం నమిలాక అప్పుడు నేను అది మొదటి రకమో, రెండో రకమో, మూడో రకమో చెబుతాను. మా షెడ్డులో అది పాత మర్యాద. తన చేతిలో పెట్టిన ముక్క తినని రైతుకి తన సరుకు మీద తనకే నమ్మకం లేదని లెక్క.

కొనేవాళ్ళు రంగు చూసి మురుస్తారు. నేను రంగు చూస్తే భయపడతాను. పసుపు పచ్చగా మెరుస్తోందంటే పాకంలో రంగు కోసం హైడ్రోసు పొడి గుప్పించారని సగం తేలిపోయినట్టే. నోట్లో వేసుకున్నాక తీపి వెళ్ళిపోయి, నాలుక చివర సన్నగా ఉప్పదనం మిగులుతుంది. అది పట్టుకోవడమే నా పని. నాన్న పెనం దగ్గర తెడ్డు అంచు నాకించి నేర్పిన విద్య ఇలా అన్నం పెడుతోంది. రోజంతా అనుమానపడినందుకే నాకు జీతం ఇస్తున్నారు.

అలాంటివాడి దగ్గరికి కరోనా సూదంటూ వేలెడంత సీసా పట్టుకొచ్చి, లోపలేముందో చెప్పకుండా, రుచి చూడనివ్వకుండా, తిన్నగా ఒంట్లోకి ఎక్కిస్తామంటే ఎలా ఒప్పుకుంటాడు చెప్పు? పైగా ఉచితం. మొదటి రకం బెల్లం ఎవరైనా ఊరికే పంచిపెట్టగా నువ్వు చూశావా? మంచి సరుకు ఎప్పుడూ పెద్దవాళ్ళ ఇళ్ళకి పోతుంది. మిగిలిందే మనకి. అలాంటిది మన గడప దాకా వచ్చి, బతిమాలి, ఊరికే ఇస్తున్నారంటే అందులో ఏదో ఉందనే అనుకున్నాను. మా షావుకారు తను వేయించుకుని వచ్చి మమ్మల్నీ వేయించుకోమన్నాడు. మా మీద ప్రేమా, షెడ్డు మూతపడకూడదనా అని ఆలోచించాను.

ఫోనులో వచ్చే వీడియోలు సరేసరి. సూది వేసిన చోట చెంచా అతుక్కుంటోందని ఒకటి, రెండేళ్ళలో పోతారని ఒకటి, మగవాళ్ళకి పిల్లలు పుట్టరని ఒకటి. ఆఖరిదానికి నాకు భయం లేదులే, నువ్వు తెచ్చిన ప్రతి సంబంధానికీ వంక పెట్టి నలభై ఏడేళ్ళు ఒంటిగా గడిపినవాణ్ణి. ఇంతలో మా షెడ్డులో మూటలు మోసే కళాసీ ఒకడు సూది వేయించుకున్న మూడో రోజు చనిపోయాడని గోల. వివరం కనుక్కుందామని వాళ్ళ వీధికి బయల్దేరితే, ఆ చచ్చిపోయాడన్న మనిషే ఎదురొచ్చి బీడీ అడిగాడు. అత్తారింటికి వెళ్ళాడట. అప్పుడైనా సిగ్గుపడాలా? నేను పడలేదు. వీడు బతికాడు సరే, ఇంకెవడో పోయే ఉంటాడు, ఆ కబురు మనదాకా రానివ్వలేదు అనుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే నువ్వు ఫోను చేశావు. "తమ్మూ, నర్సమ్మ వచ్చింది. సుగరున్నోళ్ళు ముందు ఏయించుకోవాలంతంది. నన్నేటి సెయ్యమంతావు?" అన్నావు. "నేను సెప్పీదాకా ఏయించుకోకక్కా" అన్నాను. "సరేరా, టౌన్లో ఉన్నావు, నీకు తెలుస్తాది" అన్నావు. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. 

ఆ తర్వాత వారం తిరక్కుండా జరిగింది ఇది. ఒకరోజు పొద్దున్న లేచేసరికి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. ఎండలు కదా అనుకున్నాను. ఎప్పటిలా షెడ్డుకెళ్ళి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని పని మొదలుపెట్టాను. మొదటి వరస కోటవురట్ల సన్నాసయ్య మావది. మనకి చుట్టం కాదు, నేనే మావా అని పిలుస్తాను. డెబ్భై దాటిన మనిషి. నల్లటి బెల్లం తెస్తాడు, పొడి ముట్టుకోడు. నల్లగా ఉందని రేటు తక్కువ పలికినా సరే ముట్టుకోడు. ఈ నాలుగేళ్ళలో నేను రెండోసారి నమిలి చూడాల్సిన అవసరం రాని సరుకు ఆయనదొక్కటే.

ఆ రోజు ముక్క నోట్లో వేసుకుంటే తీపి లేదు. వాసన లేదు. మెత్తటి మట్టి నమిలినట్టుంది.

"ఏటి మావా, ఏటి కలిపేవు దీన్లో?" అన్నాను.

"ఏటి కలుపుతాను? సున్నపుతేట తప్ప ఏటీ నేదు."

"తీపి నేదు."

"నేకపోవడవేటి? మళ్ళీ సూడు."

ఇంకో ముక్క కొరికాను. అంతే. నలుగురు రైతులు చుట్టూ చేరారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరు మోసం చేసినా అంత కోపం రాదు. ఈయన కూడానా అని వచ్చింది. "నువ్వూ నేర్సీసేవు మావా, అందర్నాగే. డెబ్బై ఏళ్ళొచ్చేక ఇదేటి పని?" అని అందరూ వినేలా అన్నాను. ఆయన మొహం కందిపోయింది. నేను అంతటితో ఆగానా? నేను కొరికిన ముక్కనే ఆయన మొహం ముందు పెట్టి, "నమ్మకపోతే నువ్వే తిను" అన్నాను.

ఎంగిలి అని కూడా చూడలేదక్కా. తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నా కళ్ళలోకి చూస్తూ నిదానంగా నమిలాడు. "తీపే ఉన్నాది. నీ నాలిక్కి ఏటో అయ్యిందిరా నూకరాజా, సూసుకో" అన్నాడు. నేను "మూడో రకం" అని గట్టిగా అరిచి ముందుకెళ్ళిపోయాను. ఆయన తువ్వాలు దులుపుకుని, పాట అయ్యేదాకా కూడా ఆగకుండా బయటికి నడిచాడు.

రెండో వరసా అంతే, మూడో వరసా అంతే. ఈ రోజు అందరూ కూడబలుక్కుని వచ్చారనుకున్నాను. షావుకారు దగ్గరికెళ్ళి "కొత్త పొడేదో దిగిందండీ, తీపినే చంపేస్తోంది" అని చెప్పాను. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని "బాగానే ఉంది కదయ్యా" అన్నాడు. రైతులతో ఈయనకేదో లోపాయికారీ ఒప్పందం ఉందని అనుమానించాను. చూశావా నా బుద్ధి? షెడ్డు నిండా జనాన్ని అనుమానించాను గానీ, నా నోట్లో ఉన్న నాలుకని అనుమానించలేదు.

మధ్యాహ్నం గదికొచ్చి అన్నం వడ్డించుకుని నువ్వు పంపిన పాత ఆవకాయ కలుపుకున్నాను. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కారం లేదు, ఉప్పు లేదు, పులుపు లేదు. ఆవపిండి ఘాటు ముక్కుకి ఎక్కలేదు. ఇంకో ముద్ద పెట్టుకున్నాను. నీ ఆవకాయని నేను ఏమని అనుమానించను? ఈ లోకంలో నేను వాసన చూడకుండా, విరిచి చూడకుండా తినేది అదొక్కటే. సీసాలోంచి ఒట్టి ఉప్పు తీసి నాలుక మీద పోసుకున్నాను. ఇసుక పోసుకున్నట్టుంది. అప్పుడు అర్థమై, కంచం ముందు అలాగే కూర్చుండిపోయాను.

అర్థమైనప్పుడైనా లేచి వెళ్ళి చెప్పాలి కదా. సన్నాసయ్య మావకి, ఆ మిగతా ఇద్దరికీ, నా సగం ముక్కలు తిన్నవాళ్ళకి, నేను మీద పడి అరిచినవాళ్ళకి "బాబూ, నాకు జబ్బు తగులుకుంది, మీరు జాగ్రత్త" అని కబురు పెట్టాలి కదా. పెట్టలేదు. నాలుక పోయినవాణ్ణి రకం చూసే పనిలో ఎవరుంచుకుంటారు అనుకున్నాను. కడుపునొప్పి అని షావుకారుకి కబురు పంపి, పన్నెండు రోజులు తలుపేసుకుని పడుకున్నాను. టెస్టు చేయించుకోలేదు. చేయిస్తే పేరు రాసుకుంటారు, వీధి చివర కర్రలు అడ్డం కడతారు అని. నువ్వు ఫోను చేస్తే గొంతు సవరించుకుని బాగున్నానన్నాను. నా అదృష్టం, ఊపిరికి ఇబ్బంది రాలేదు. మూడో వారంలో పచ్చి ఉల్లిపాయ కొరికితే కారం తగిలింది. చాలాసేపు ఏడ్చాను. ఉల్లిపాయకి కాదు.

ఆ తర్వాత కర్ఫ్యూ వచ్చింది, మార్కెట్టు సరిగ్గా నడవలేదు. మళ్ళీ జనం రావడం మొదలయ్యాక సన్నాసయ్య మావ కోసం చూశాను. రాలేదు. కోపం ఇంకా తగ్గలేదేమో అనుకున్నాను. ఒకరోజు వాళ్ళ ఊరి మనిషి కనిపిస్తే అడిగాను. "ఆలింట్లో కరోనా వచ్చింది గదా, తెల్దేటి?" అన్నాడు. ఎప్పుడని అడిగాను. చెప్పాడు. వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాను. రెండుసార్లు లెక్కపెట్టినా అదే వచ్చింది.

మర్నాడే బస్సెక్కి కోటవురట్ల వెళ్ళాను. మావ పాకలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. బెల్లం వండే పెనం గోడకి బోర్లించి ఉంది. నేను మాస్కు సరిచేసుకుని, దూరంగానే నిలబడ్డాను.

"మావా, నేను నూకరాజుని."

"కనపడతన్నావు."

"ఒంట్లో ఎలాగుంది మావా?"

"నాకు తగ్గింది. మీ అత్త పోనాది."

ఆవిణ్ణి నేను ఒక్కసారే చూశాను. రెండేళ్ళ కిందట మార్కెట్టు చూస్తానని మొగుడితో పాటు బండెక్కి వచ్చి, అరిటాకు ముక్కలో నాకు చలిమిడి పెట్టింది. నేను అది నోట్లో వేసుకుని అందులో బెల్లం ఏ రకమో ఆలోచించాను గానీ, బాగుందత్తా అని ఒక మాట అనలేదు. ఇప్పుడు ఆ మాట ఎవరికి చెప్పను?

గుంజ పట్టుకుని చెప్పేశాను. "మావా, ఆ రోజుకే నాకు వచ్చీసింది. నాకే తెలీనేదు. నీ బెల్లం తప్పు కాదు. నా ఎంగిలి నీ సేత తినిపించేను."

ఆయన బోర్లించిన పెనం వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా "నీ నాలిక్కి ఏటో అయ్యిందని నేనప్పుడే సెప్పేను గదరా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నేను ఏడుస్తుంటే చూసి, "నీ కాణ్ణించొచ్చిందో, బస్సులో వచ్చిందో, నాకేటి తెలుసు? తెలిస్తే మటుకు ఏటి సేత్తాను?" అన్నాడు. ఆ మాట నా మీద దయతో అన్నాడో, నన్ను చూడలేక పంపించెయ్యడానికి అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నేను వచ్చేస్తుంటే వెనక నుంచి అడిగాడు.

"సూది ఏయించుకున్నావేటి?"

"నేదు మావా."

"ఏటి?"

"నమ్మకం నేక."

"మరింకెవులింటికెల్తావు?" అన్నాడు.

బస్సు వచ్చేదాకా రోడ్డు పక్కన నిలబడ్డాను. వాన పడుతున్నా కదల్లేదు. అందరికీ దూరంగా నిలబడ్డాను, ఆ రోజు నాకు జబ్బు లేకపోయినా సరే.

తర్వాత పాట రోజున షెడ్డులో అందరి ముందూ చెప్పాను, సన్నాసయ్య మావ బెల్లం మొదటి రకమని, తప్పు నా నాలుకదని, నాకు జబ్బుండి కూడా దాచానని. షావుకారు తల దించుకున్నాడు. పనిలోంచి తియ్యలేదు గానీ, ముక్కలు పంచుకుని తినే మర్యాద ఇక వద్దన్నాడు. ఇప్పుడు ఎవరి ముక్క వాళ్ళే విరుచుకుంటున్నాం. నేను అంత చెప్పాక ఒక ముసలాయన మాత్రం "ఇప్పుడా సెప్పడం" అన్నాడు. 

ఇక సూది సంగతి. బడిలో వేస్తున్నారంటే పోయిన వారం వెళ్ళాను. ఏదో మారిపోయి, నమ్మేసి వెళ్ళాననుకోకు. అనుమానం సంచిలో వేసుకునే వెళ్ళాను. ఆధార్ కార్డు అడిగారు. సూదికీ ఆధార్‌కీ ఏమిటి సంబంధమని అడిగాను. వెనకవాడు "జరగవయ్యా బాబూ" అన్నాడు. నా వంతు వచ్చింది. నర్సమ్మ మన వైపు మనిషే, మాటని బట్టి తెలిసింది. ఇంతకుముందు కరోనా వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాను. వరసలో అందరూ విన్నారు. టెస్టు చేయించుకోలేదని చెప్పినందుకు పదిమందిలో చివాట్లు తిన్నాను. మూడు నెలలు దాటిందని ఖాయం చేసుకున్నాక కూర్చోమంది.

"సీసా ఒకసారి సూపించమ్మా" అన్నాను. చేతికివ్వలేదు గానీ, పట్టుకుని చూపించింది. తేదీ చూశాను. వెలుతురు వైపు తిప్పమన్నాను. సూది కొత్తదేనా అని అడిగి, కవరు నా ముందే చింపమన్నాను. ఆమె చింపుతూ, "ఏటి బాబూ, పెళ్ళిసూపులకొచ్చేవేటి? ఇటు తిప్పమంటావు, అటు తిప్పమంటావు" అంది. బడంతా నవ్వింది. ఇక్కడ కూడా వంక పెట్టే లేచి వెళ్ళిపోతాను అనుకున్నారు కాబోలు.

"ఇదేయించుకుంటే మరింక రాదా?" అని అడిగాను.

"రాదని నేను సెప్పను. వచ్చినా పేణం మీదకి రాకుండా కాత్తాది. మాస్కు ఎట్టుకోవలసిందే. రెండో డోసుకి మళ్ళీ రావలసిందే. రేపు జొరం వత్తాది, ఒళ్ళు నొప్పులొత్తాయి, బయపడిపోకు" అంది.

అక్కా, ఆ మాటకే నేను చొక్కా చెయ్యి పైకి మడిచాను. అసలు ఇక రానే రాదు, అమృతం, అని ఉంటే లేచి వచ్చేసేవాణ్ణి. షెడ్డులో ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నది ఒకటుంది. తన సరుకు బంగారం అనేవాణ్ణి నమ్మను. ఈ దిమ్మకి అడుగున కాస్త మాడింది బాబూ అని ముందే చెప్పేవాడి సరుకు కళ్ళు మూసుకుని తీసుకుంటాను. ఈమె మాడిన సంగతి ముందే చెప్పింది.

ఆ రాత్రి జ్వరం వచ్చింది, మర్నాడు సాయంత్రానికి తగ్గింది. చెయ్యి మూడు రోజులు పీకింది. చెంచా పెట్టి చూశాను, కింద పడింది. రోజూ పొద్దున్నే ఇంత ఉప్పు, ఇంత బెల్లం నాలుక మీద వేసుకుని చూసుకుంటున్నాను. నాలుక ఉంది. ఇప్పటికీ పూర్తిగా నమ్మానని నీతో చెప్పను, నీతో మళ్ళీ అబద్ధం ఆడను. కానీ ఇప్పుడు ఆ సీసా మీద ఉన్న అనుమానం కంటే నా మాట మీద నాకున్న అనుమానం పెద్దది.

ఎందుకంటే నీకు వద్దని చెప్పింది నేను. ఏ దిమ్మనీ నోట్లో పెట్టుకోకుండా నేను రకం చెప్పను. అలాంటిది, నీ ప్రాణానికి సంబంధించిన దానికి మాత్రం ఏమీ చూడకుండా, ఎవరినీ అడక్కుండా, వీడియోలు చూసి రకం చెప్పేశాను. "మా తమ్ముడు వొద్దన్నాడమ్మా" అని నర్సమ్మని రెండుసార్లు గడప నుంచి పంపేశావని పిల్ల చెప్పింది. మూడు నెలలు. నీ షుగరుతో, ఆ కాలి పుండుతో, సంతకెళ్ళి వచ్చే బావతో, దగ్గుతున్న మీ అత్తగారితో మూడు నెలలు నా మాట మీద కూర్చున్నావు. ఈ మూడు నెలల్లో నీకేమైనా అయి ఉంటే? మావ పాకలో గుంజ పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు పోయిన అత్త మొహం గుర్తు రాలేదక్కా, నీ మొహం కనిపించింది. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? అమ్మ పోయాక నాకు జడలు వేసినంత పని చేసి పెంచావు. నా మాట వల్ల నువ్వు పోతే నేను ఎవరింటికి వెళ్ళను?

వచ్చే బుధవారం మన బడిలో మళ్ళీ వేస్తారట. నేను వద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. వెళ్ళి వేయించుకో. షుగరుందని, పుండుందని, ఏ మాత్రలు వేసుకుంటున్నావో అన్నీ నర్సమ్మకి ముందే చెప్పు, నాలాగా దాచకు. ఏం తిని వెళ్ళాలో ఆమెనే అడుగు. జ్వరం వస్తుంది, వస్తే భయపడకు. బావని, మీ అత్తగారిని కూడా లాక్కెళ్ళు. బావ "మీ తమ్ముడే గదా వొద్దన్నాడు" అని ఎకసెక్కాలాడతాడు. ఆడనీ. మీ తమ్ముడు వట్టి మూడో రకం అని ఒప్పేసుకో, గొడవుండదు. సీసా తేదీ చూపించమని మాత్రం అడుగు, అడిగితే తప్పు లేదు.

వ్యాను తిరిగొచ్చేటప్పుడు అటక మీద ఉన్న నా పాత గొడుగు పంపించు, ఇక్కడ కొన్న గొడుగు రెండు వానలకే కమ్మీలు వదిలేసింది. పిల్ల పరీక్షలు లేకుండా పాసైపోయిందని విన్నాను. సంతోషమే, అయినా లెక్కలు ఒకసారి నువ్వు దగ్గరుండి చేయించు, ఊరికే వచ్చిన మార్కుల్ని నమ్మకు. నేను వేళకి తింటున్నాను, మాస్కు తియ్యడం లేదు, బాగున్నాను. నిజంగానే బాగున్నాను.

మీ అత్తగారికి, వీధిలో పెద్దలందరికీ నా దండాలు చెప్పు. బావని అడిగానని చెప్పు. చేసిన తప్పుకి ఇంత ఎత్తున తిట్టి, ఆ తర్వాత నెత్తి మీద చెయ్యి వేసి దీవించు.

బుధవారం సాయంత్రం వీడియో కాలు చెయ్యి. వేయించుకున్నానురా అని నోటితో చెబితే నేను నమ్మను. ఫోను దగ్గరగా పట్టుకుని భుజం చూపించు. సూది గుచ్చిన చోటు నా కళ్ళతో చూడాలి.

నీ అనుమానప్పీనుగు తమ్ముడు,
నూకరాజు